గోనెపట్టా మీద కూర్చున్న కుక్కపిల్ల

డాక్టరమ్మ స్టెతస్కోపు చెవుల్లోంచి తియ్యకుండానే ఫ్యాను ఆపమని చేత్తో సైగ చేసింది. నేను లేచి స్విచ్చి నొక్కాను. రెక్కలు ఆగేదాకా ఆమె ఊరుకుంది. తర్వాత కుక్కపిల్ల ఎడమ ముంగాలిని కాస్త ముందుకు జరిపి, సంక కింద మళ్లీ పెట్టి వింది. కుడివైపు వింది. తిరిగి ఎడమవైపుకే వచ్చింది. మేము టీకా కోసం వెళ్లినవాళ్లం. సూదిమందు ట్రేలో సిద్ధంగా ఉంది. ఆమె దాని జోలికి పోలేదు.

“సౌండ్ ఉంది సార్, గుండెలో,” అంది.

బల్లకు అటువైపు కుక్కపిల్లను పట్టుకుని నిలబడినాయన మా బావ గోడౌనులో వాచ్‌మన్. డెబ్భైకి దగ్గర పడిన మనిషి. కుడిచెవి బొత్తిగా వినపడదు, ఎడమది సగం. డాక్టరమ్మ పెదవులు కదలడం చూసి, “ఏమంటా ఉండాది సార్?” అని నన్నడిగాడు. ఎడమ చెవి దగ్గరికి వంగి చెప్పాను. ఆయన నా మొహం వంక ఒకసారి, కుక్కపిల్ల వంక ఒకసారి చూశాడు.

“మీరూ వినండి,” అని డాక్టరమ్మ స్టెతస్కోపు నాకిచ్చింది. గుండె కొట్టుకోవడం నేను అంతకుముందు ఎన్నడూ అలా వినలేదు. ఒక దెబ్బకూ ఇంకో దెబ్బకూ మధ్య ఖాళీగా ఉండాల్సిన చోట ఏదో జారుతోంది. మా బావ గోడౌనులో మూట మూల చిరిగితే కందిపప్పు అలాగే జారుతుంది, స్స్ మంటూ. చెయ్యి అడ్డం పెట్టేదాకా ఆగదు.

వాచ్‌మన్ కూడా స్టెతస్కోపు అడిగి తీసుకున్నాడు. కళ్లు మూసుకుని చాలాసేపు పెట్టుకున్నాడు. “నాకేం ఇనపడలా,” అని తిరిగిచ్చేసి, అరచెయ్యి పిల్ల రొమ్ము కింద ఆనించాడు. “కొట్టుకుంటా ఉండాది. బాగానే కొట్టుకుంటా ఉండాది.”

“తాతా, ఈ సౌండ్ చేతికి తెలీదు,” అంది డాక్టరమ్మ గొంతు పెంచి. “ఇంకా పెద్దదైతేనే చేతికి తగిలేది.”

ఆ పిల్లను ఏరి తెచ్చింది నేను. ఈ సంగతి రాయడానికి కారణం అదే.

మా అక్క మెట్టినిల్లు తొండియార్‌పేట. బావ వాళ్లది ఎండుమిరపకాయలు, కందిపప్పు టోకు వ్యాపారం. గోడౌను ఆయన తాత కట్టించింది. ముందు వీధివైపు పెద్ద గేటు, పక్క సందులోకి మనిషి మాత్రం పట్టే చిన్న తలుపు, గేటు పక్కన ఒక గది. వాచ్‌మన్ ఉండేది ఆ గదిలోనే. సూళ్లూరుపేట వైపు నుంచి ముప్పై ఏళ్ల కిందట భార్యతో వచ్చాడు. ఆమె ఆ గదిలోనే పోయింది. ఊళ్లో ఆయనకంటూ ఇప్పుడు ఎవరూ లేరు. పని పోతే ఆ గది కూడా పోతుందన్నది మాకందరికీ తెలుసు. ఎవరం పైకి అనేవాళ్లం కాదు.

గోడౌనులో ఎప్పుడూ ఒక కుక్క ఉండేది. నేను పేపర్లో చేరిన కొత్తల్లో అక్కను చూడబోతే గేటు దగ్గర నన్ను నిలబెట్టిన కుక్క వేరు, పోయిన ఆడి నెలలో, అంటే మన ఆషాఢంలో, పన్నెండేళ్లు బతికి పోయిన కుక్క వేరు. అది పోయిన వారానికే బావ కెమెరాల మాట ఎత్తాడు.

“నాలుగు మూలలా నాలుగు పెడితే ఫోన్లోనే చూసుకోవచ్చప్పా. కుక్కెందుకు? చెవులు ఇనపడని వాచ్‌మనెందుకు?”

“ముప్పై ఏళ్లు నీ గేటు పట్టుకోనుండాడు ఆ మనిషి,” అంది అక్క. “ఇంకో కుక్కను పెట్టి చూడు. కుదరకపోతే అప్పుడు పెట్టుకో నీ కెమెరాలు.”

బావ గడువు పెట్టాడు. ఫిబ్రవరిలో గుంటూరు నుంచి కొత్త పంట మిరప, కొత్తకాయ, దిగుతుంది. ఆ లోపల కుక్క పనికి కుదిరితే సరే. కుదరకపోతే కెమెరాలు వస్తాయి, వాచ్‌మన్ సూళ్లూరుపేట బండెక్కుతాడు. ఆ మాట అక్క ముందు, నా ముందు, వాచ్‌మన్ ముందు కూడా చెప్పాడు. ఆయన ఎడమ చెవివైపు నిలబడి చెప్పాడు.

కుక్కను ఎంచడానికి బావ వాళ్లింట్లో ఒక పద్ధతి ఉంది. గోడౌనులోంచి ఖాళీ గోనెపట్టా ఒకటి తీసుకుని, కుక్కపిల్లలున్న ఇంటికి వెళ్లి, నేల మీద పరిచి, పిల్లలన్నిటినీ దాని మీద వదులుతారు. అవి కాస్త సర్దుకున్నాక వెనక నుంచి ఇనప పడిని, అంటే పప్పు కొలిచే కొలపాత్రను, నేలకేసి కొడతారు. పారిపోయిన పిల్ల పనికిరాదు. ఎగిరి మొరిగినదీ పనికిరాదు. నోరెక్కువైన కుక్క వచ్చేపొయ్యే వాళ్లందరి మీదా మొరిగి చివరికి దొంగ వచ్చినప్పుడు లెక్కలో లేకుండా పోతుందని వాళ్ల నమ్మకం. తల కూడా తిప్పనిది చెవిటిదేమో, అదీ వద్దు. తల తిప్పి చూసి, గోనె మీద నుంచి లేవకుండా కూర్చున్న పిల్లే గోడౌనుకు తగినది. “గోనె వదలనిది గోడౌను వదలదు” అని బావ వాళ్ల నాయన అనేవాడట.

పోయిన ఏడు బావకు మోకాలి ఆపరేషన్ అయింది. అందుకని గోనెపట్టా, పడి నా చేతికిచ్చాడు.

“నువ్వు పేపరోడివి కదప్పా. చూసింది చూసినట్టు చెప్తావు,” అన్నాడు.

ఎన్నూరులో, సముద్రపు పాయ ఒడ్డున, కాపలాకు పేరుపడ్డ కోంబై జాతి కుక్కలు పెంచే ఒకాయన ఉన్నాడని ఎవరో చెప్పారు. లారీల వెనకే వెళ్లి ఇల్లు పట్టుకున్నాను. చెట్ల ఆకుల మీద థర్మల్ ప్లాంటు బూడిద. ఆయన ఇంటి వెనక పెరట్లో మాత్రం కడిగిన నేల, నీళ్ల తొట్టి, ఎర్రటి తల్లికుక్క, దాని ఐదు పిల్లలు. నేను అలవాటు కొద్దీ నోటుబుక్కు తీసి మెట్టు మీద కూర్చున్నాను. గంటకు పైనే చూశాను. తర్వాత గోనె పరిచి, పడి కొట్టాను. రెండు పారిపోయాయి. ఒకటి పడి మీదికే దూకింది. ఒకటి తల్లి కిందికి దూరింది. ఒకటి తల తిప్పి నన్ను చూసి, మళ్లీ ముందుకు తిరిగి, అక్కడే కూర్చుంది. నల్లటి మూతి, ఎర్రటి ఒళ్లు, ఆడపిల్ల. ఆ గోనెలోనే చుట్టి ఆటోలో ఒళ్లో పెట్టుకుని తొండియార్‌పేట తెచ్చాను. దారంతా నిద్రపోయింది. ఎంత నిదానమో అనుకున్నాను.

ఐదు రోజుల తర్వాత టీకాకు తీసుకెళ్తేనే డాక్టరమ్మ గుండెలో సౌండ్ ఉందన్నది.

ఆమె తమిళావిడ. తల్లిది చిత్తూరు వైపు కావడంతో తెలుగు వచ్చు. నా మొహంలో ఏం కనిపించిందో ఏమో, స్టూలు లాక్కుని కూర్చుని నెమ్మదిగా చెప్పింది.

“ఇంత చిన్నపిల్లల్లో సౌండ్ కొత్త కాదు సార్. చానా వాటికి వస్తుంది. నాలుగైదు నెలలకు దానంతట అదే పోతుంది. అప్పురం, ఆ తర్వాత, ఎవరికీ గుర్తు కూడా ఉండదు.” పిల్ల పైపెదవి ఎత్తి చూపించింది. చిగుళ్లు తెల్లకాగితంలా ఉన్నాయి. “ఇది చూడండి. కడుపులో పురుగులు. రక్తం తాగేస్తా ఉన్నాయి. రక్తం పలచనైనా గుండెలో ఇట్లా సౌండ్ వస్తుంది. మందు పడితే తగ్గుతుంది.”

“ఈ రెండూ కాకపోతే?”

“పుట్టుకతో లోపం. ఒక దారి ఇరుకు కావచ్చు, పుట్టగానే మూసుకోవాల్సింది మూసుకోకపోయుండచ్చు. చెవితో విని ఇది ఇదే అని చెప్పలేను.”

“ఎంత పెద్ద సౌండ్?”

“ఆరు మెట్లు పెట్టుకున్నాము. ఒకటంటే ఈ గదిలో ఫ్యాన్ ఆపినా కష్టంగా వినపడేది. ఐదూ ఆరూ అంటే చెయ్యి పెడితే చాలు, జిలజిలమని తగుల్తుంది. ఇది మూడు. ఒకటీ రెండూ అయితే నవ్వుతా పంపించేసుందును. ఐదైతే ఈపాటికి పెద్దాసుపత్రికి ఫోన్ చేసుందును. మూడంటే కూర్చోని చూడాల.”

వాచ్‌మన్ ఇద్దరి మొహాలూ చూస్తూనే ఉన్నాడు. అడిగింది ఒకటే. “గేటు కాస్తాదామ్మా?”

ఆమె పిల్లను బల్ల మీద నుంచి ఎత్తి ఆయన చేతికిచ్చింది. “పరిగెత్తనీవద్దు తాతా. మెట్లెక్కనీవద్దు. మాత్రలు వెయ్యి. నెల తర్వాత తీసుకురా.”

బావకు ఆ సాయంత్రమే చెప్పాల్సి వచ్చింది. మిరపకాయ ఘాటుకు గోడౌను గుమ్మంలో కుక్కపిల్ల తుమ్ముతూనే ఉంది. వాచ్‌మన్ దాన్ని మోచేతి మడతలో పెట్టుకుని నిలబడ్డాడు.

“గుండెలో సౌండా?” అన్నాడు బావ. “లారీ ఇంజిన్లో సౌండొస్తే ఏం చేస్తాము? ఆడే వదిలేసొస్తాము కదా. ఇచ్చినోడికే ఇచ్చెయ్.”

“లారీ నిన్ను చూసి తోకాడిస్తాదా?” అంది అక్క. ఆమె కాఫీ ఇవ్వడానికి వచ్చి, విషయం తేలేదాకా పోకుండా నిలబడింది.

తిరిగి ఇచ్చేస్తే ఇంకో పిల్ల దొరకదు. మిగతా నాలుగూ అప్పటికే అమ్ముడుపోయాయి. తల్లి మళ్లీ ఈనేసరికి ఏడాది. అంటే కొత్తకాయ నాటికి గోడౌనులో కుక్క ఉండదు. ఇది అందరికంటే ముందు వాచ్‌మన్‌కు అర్థమైంది.

“మొదలాళీ,” అన్నాడు. యజమానిని పిలిచే ఆ తమిళ మాట ఆయన నోట్లో ముప్పై ఏళ్లుగా ఉంది. “కొత్తకాయ దాకా టైమిచ్చినారు కదా. ఆ టైము నాకుండనీండి.”

బావ ఆయన్నీ, పిల్లనూ మార్చి మార్చి చూశాడు. “నీకు చెవి లేదు, దానికి గుండె లేదు. ఇద్దరూ కలిసి నా గోడౌను కాస్తారా?”

“ఆమా మొదలాళీ,” అని అవునన్నట్టు తలూపాడు వాచ్‌మన్. అంతా విన్నాడో, చివరి మాట మాత్రమే విన్నాడో తెలియదు. హమాలీలు నవ్వారు. బావకూ నవ్వొచ్చింది. గడువు అలాగే నిలిచింది.

కోడంబాక్కంలో ఇంటికి వచ్చాక నోటుబుక్కు తెరిచాను. ఎన్నూరులో రాసుకున్నది ఇలా ఉంది: “ఎర్రది, ఆడది. పాలు తాగుతూ రెండుసార్లు ఆగింది. మిగతావాటిని తోసుకోదు. అవి ఆడుతుంటే చూస్తూ కూర్చుంటుంది. ఎండ లేకపోయినా నాలుక బయట. ఓపిక గలది.”

డెస్కులో ఉన్న రోజుల్లో కుర్ర విలేఖర్ల కాపీ దిద్దుతూ ఇలాంటి ఆఖరి మాటను ఎన్నిసార్లు కొట్టేశానో చెప్పలేను. నువ్వు చూసింది ఏమిటి, నువ్వు అనుకున్నది ఏమిటి అని అడిగేవాణ్ని. దానికి ముందున్నవన్నీ నేను కళ్లతో చూసినవి. పాలు తాగుతూ ఆగింది ఆయాసంతో. తోసుకోనిది చేతకాక. నాలుక బయటపెట్టింది గాలి చాలక. రాయడానికి అన్నీ సరిగ్గానే రాశాను. వాటి కింద ‘ఓపిక గలది’ అని రాసి, దాన్నే బావకు ఫోనులో చెప్పాను.

పద్ధతి కూడా అలాంటిదే. పడి మోగినా లేవని పిల్లను ఎంచడమంటే, ధైర్యంతో కూర్చున్నదాన్ని ఎంచవచ్చు, లేవడానికి ఓపిక లేక కూర్చున్నదాన్నీ ఎంచవచ్చు. గోనె ఆ తేడా చెప్పదు.

తర్వాతి శనివారం ఈ సంగతి బావకు చెప్పాను. కోప్పడతాడనుకున్నాను. ఆయన చేతిలోని మిరపకాయ తొడిమ తుంచి, గింజలు అరచేతిలో రాల్చుకున్నాడు.

“మా నాయన తెచ్చిన వాటిల్లో రెండు ఏడాది లోపలే పోయినాయి,” అన్నాడు. “ఒకటి ఈ గేటు కాడ్నే, ఎవురో వచ్చినారని లేచి పరిగెత్తి, ఆడ్నే పడిపోయింది. ఎవురో మందు పెట్టినారని మా నాయన వీధంతా తిట్టినాడు. పక్కింటోళ్లతో ఆర్నెల్లు మాటల్లేవు.” గింజలు పారేసి చెయ్యి దులుపుకున్నాడు. “పాపం, వాళ్లేం చేసుండరు.”

డిసెంబరు వానల్లో నేను ప్రతి శనివారం వెళ్లేవాణ్ని. కోడంబాక్కంలో లోకలెక్కి బీచ్ స్టేషన్లో దిగి, గుమ్మిడిపూండి బండి మారితే తొండియార్‌పేట. కుక్కపిల్ల కోసమే వెళ్తున్నానని అక్కతో చెప్పలేదు. ఆమే చెప్పేది. “నన్ను చూడను ఇన్నిసార్లు ఎప్పుడన్నా వచ్చినావా?”

వాచ్‌మన్ పాత పంచె చించి పేలికగా చేసి, ఒక కొస పిల్ల మెడకు, ఇంకో కొస తన కుర్చీ కాలికి కట్టాడు. పరిగెత్తకూడదని డాక్టరమ్మ చెప్పింది కదా. ఆయన ముడి విప్పి లేస్తే అది లేవాలి, ఆయన కూర్చుంటే అది కూర్చోవాలి. టీ కొట్టు దాకా ఇద్దరూ ఒకే నడక నడిచేవారు. గోడౌను కుక్కకు పేరు మొదటి పని చేసి చూపించాకే పెడతారు, అదీ వాళ్ల పద్ధతే. అందుకని “పాపా, దా” అని పిలిచేవాడు. పిల్లకు పిలుపు వినపడేది. ఆ వెంటనే అది వచ్చిందో లేదో ఆయన వెనక్కి తిరిగి చూసుకునేవాడు. అడుగుల చప్పుడు ఆయనకు తెలియదు మరి.

నెల తర్వాత చిగుళ్లు ఎర్రబడ్డాయి. తుమ్ములు తగ్గాయి. డాక్టరమ్మ ఫ్యాను ఆపించి వింది. “రెండు,” అంది. నవ్వబోయి, మళ్లీ చెవి పెట్టి, “రెండే,” అని టీకా వేసింది. వాచ్‌మన్‌కు నేను రెండు వేళ్లు చూపించాను. ఆయన నా రెండు వేళ్లనూ పట్టుకుని ఒకటి ముడిచాడు. తర్వాత రెండోది ముడిచి నా మొహం చూశాడు. ఇలాగే పూర్తిగా పోతుంది కదా అని. నేను తల ఊపాను. ఊపాల్సింది కాదు.

ఫిబ్రవరి మొదట్లో, పిల్లకు ఐదు నెలలు నిండుతుండగా మళ్లీ వెళ్లాం. ఈసారి ఆమె చాలాసేపు వింది. రెండే. తగ్గలేదు, పెరగలేదు.

“పోవాల్సింది సార్. రక్తం బాగుంది, వయసూ అయింది. పోలేదు.” పిల్ల నడుం మీద చెయ్యి వేసి అడిగింది. “దీని నడుం చూడండి, ఎంత సన్నమో. కోంబై ఇట్లా ఉండదే. కలిసిన జాతి ఏమన్నానా?”

అక్కడి నుంచే ఎన్నూరాయనకు ఫోన్ చేశాను. పిల్ల అమ్మమ్మ చిప్పిపారై అని చెప్పాడు. దక్షిణాన కుందేళ్లను తరమడానికి పెంచే పరుగు జాతి అది. డాక్టరమ్మకు చెబితే తల పంకించింది.

“పరుగు జాతుల్లో గుండె పెద్దది సార్. ఏ లోపమూ లేకుండానే జీవితమంతా ఇట్లాంటి సౌండుతో ఉండేవి ఉన్నాయి. లోపం ఉన్నవీ ఒక్కోసారి ఇట్లాగే వినపడతాయి. లోపల చూస్తే కానీ తెలీదు.” గుండె స్కానుకు పెద్దాసుపత్రికి చీటీ రాసిచ్చింది. “అర్జెంటు అననూ, వద్దనీ అననూ. చూపించండి. గుండె బాగుంటే హాయిగా పరిగెత్తనీయచ్చు. లేదంటే మందు ముందే మొదలుపెట్టచ్చు.”

చీటీ వాచ్‌మన్ తీసుకున్నాడు. నాలుగు మడతలు పెట్టి చొక్కా జేబులో వేసుకున్నాడు. “కొత్తకాయ దిగనీండి సార్,” అన్నాడు.

ఆ వారమే గుంటూరు లారీ బయల్దేరిందని కబురొచ్చింది. బావ నాకు ఫోన్ చేసి, “ఈపొద్దు మాయింట్లో పండుకో. తెల్లారి ఆ కుక్క సంగతి చూస్తాము. నువ్వూ చూసి చెప్పు,” అన్నాడు. ఈసారి ‘చూసింది చూసినట్టు’ అనలేదు.

వెలుతురు వచ్చీ రాని వేళ ఇద్దరం సందులోకి వెళ్లాం. చిన్న తలుపు తాళం బావ దగ్గర ఒకటుంది. ఆ తలుపు నుంచి వాచ్‌మన్ కుర్చీకి చూపు అందదు, మధ్యలో మూటల దొంతి అడ్డం. బావ చెప్పులు బయటే విడిచాడు, నన్నూ విడవమన్నాడు. కొత్త మోకాలితో ఒక్కొక్క అడుగే వేస్తూ దొంతి పక్కగా వెళ్లాడు. కుక్క మొరగలేదు. మొరగదేమో, ఇక అయిపోయింది అనుకున్నాను.

దొంతి దాటేసరికి వాచ్‌మన్ కర్ర పట్టుకుని నిలబడి ఉన్నాడు, సరిగ్గా మావైపు తిరిగి. కాళ్ల దగ్గర కుక్క కూర్చుని ఉంది, అదీ మావైపే చూస్తూ.

బావ నడుం మీద చేతులు పెట్టుకున్నాడు. “దొంగోడైతే ఇట్లానే నిలబడి చూస్తా ఉంటావా? కేకెయ్యవా?”

“దొంగోడు చెప్పులు విడిచి రాడు మొదలాళీ.”

“అది నీకెట్లా తెలిసింది?”

“మీ కాళ్లు చూసినా.”

“నేనొచ్చింది ఎట్లా తెలిసిందంటున్నా.” బావ ఎడమ చెవి దగ్గరికి వెళ్లి అడిగాడు.

వాచ్‌మన్ కుర్చీలో కూర్చుని, మోకాలి వెనక భాగం చూపించాడు. పంచె అక్కడ తడిగా ఉంది. కుక్క మూతి తడి. ఎవరైనా గేటు దగ్గరికి వస్తే అది వచ్చి మూతితో మోకాలి కింద పొడుస్తుందట. పక్క తలుపైతే పొడిచి ఆ వైపు తిరిగి కూర్చుంటుందట. ఎవరూ నేర్పలేదు. మూడు నెలలు కుర్చీ కాలికి కట్టేసి ఉంచితే, పరిగెత్తే వీలు లేక, మొరిగితే ఈయన పలకక, అది తనకు తోచిన దారి వెతుక్కుంది.

“పాతది బాగా మొరిగేది,” అన్నాడు బావ, ఇంకా ఆ తడి వంకే చూస్తూ.

“మొరిగేది మొదలాళీ. నాకు ఇనపడేది కాదు. మీకు చెప్పలా.”

“ఎన్నాళ్లుగా?”

“మూడేళ్లుంటాది.”

ఆ మాట ఆయన ఎందుకు చెప్పాడో నాకు అర్థం కాలేదు. ఎవరూ అడగలేదు. చెప్పకపోతే ఎప్పటికీ తెలిసేది కాదు. బావ మూటల మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

“మూడేళ్లు నా గోడౌను దేవుడు కాసినాడన్నమాట,” అన్నాడు. వీధిలో లారీ హారన్ వినపడింది. కుక్క లేచి వాచ్‌మన్ మోకాలి కింద మూతితో పొడిచి, గేటువైపు తిరిగి కూర్చుంది. వాచ్‌మన్ లేచాడు.

బావ నవ్వలేదు గానీ గొంతు మారింది. “సరే పో. గేటు తియ్ పో. ఈ కుక్క ఉండేంత దాకా నువ్వూ ఉండు.”

కుక్కకు ఆ రోజే పేరు పెట్టారు. అక్క బెల్లం తెచ్చి అందరికీ పెట్టింది. వాచ్‌మన్ మాత్రం ఇప్పటికీ “పాపా” అనే పిలుస్తాడు. ముందు గేటు పైన ఒక కెమెరా వచ్చింది, ఒకటే. దాన్లో ఎక్కువగా కనపడేది కుర్చీ, కుర్చీలో ఆయన, పక్కన ఆ కుక్క. బావ కోడంబాక్కంలో ఉన్న నాకు అప్పుడప్పుడు ఆ బొమ్మ ఫోనులో పంపిస్తాడు, కింద ఏమీ రాయకుండా.

‘కుక్క ఉండేంత దాకా’ అన్న మాటను బావ దయతోనే అన్నాడు. నేను అక్కడే ఉన్నాను, నాకు తెలుసు. కానీ వాచ్‌మన్ దాన్ని ఎలా విన్నాడో నాకు తర్వాత తర్వాత తెలిసింది. మార్చిలో స్కాను సంగతి అడిగాను. కాయ దిగుతోంది, తీరిక లేదన్నాడు. ఏప్రిల్లో ఎండలన్నాడు. బావే కారు పంపిస్తానన్నాడు, లోపల ఏమున్నా నిన్నూ దాన్నీ ఎక్కడికీ పంపనని చెవి దగ్గర చెప్పాడు. వాచ్‌మన్ “ఆమా మొదలాళీ” అన్నాడు. కారు గేటు దగ్గరికి వచ్చిన రోజు కుక్కను తీసుకుని టీ కొట్టుకు వెళ్లి, కారు పోయాక తిరిగొచ్చాడు. కుక్క ఉండేంత దాకా ఆయన ఉంటాడు. అది ఎంతకాలమో చెప్పే కాగితం ఆయనకు అక్కర్లేదు.

నేను ఒకసారి గట్టిగానే అడిగాను. “మందుంటే ముందే మొదలుపెట్టచ్చని చెప్పింది కదా డాక్టరమ్మ.”

“బాగుండాది సార్. తింటా ఉండాది. పని చేస్తా ఉండాది.”

“బాగుందని నీకెలా తెలుసు?”

ఆయన కుక్కను దగ్గరికి పిలిచి రొమ్ము కింద అరచెయ్యి పెట్టాడు. ప్రతి సాయంత్రం గేటు వేశాక అలా పెడతాడని హమాలీలు చెప్పారు. “ఏం తగలా,” అన్నాడు నా వంక చూసి.

కుక్కకు ఇప్పుడు పది నెలలు. ఉండగా ఉండగా ఒక్కోసారి నీళ్లు తాగుతూ ఆగుతుంది. ఇది నేను రెండుసార్లు చూశాను, నోటుబుక్కులో అంతవరకే రాసుకున్నాను. మిరపకాయ సీజను ముగిసి రెండు నెలలైంది. స్కాను చీటీ ఆయన చొక్కా మారినప్పుడల్లా జేబు మారుతోంది, మడతల దగ్గర చిరుగుతోంది. డాక్టరమ్మ పోయినసారి విన్నప్పుడు సౌండు రెండో మెట్టు మీదే ఉంది. రెండో మెట్టు సౌండు చేతికి తగలదు.